పందిట్లో సాక్సోఫోన్, వీథిలో బ్యాండు

ఒడిశాలోని బరంపురంలో ఈమధ్య పెళ్లి రిసెప్షన్ అంటే సాక్సోఫోన్ ప్రోగ్రాం ఉండాల్సిందే అన్నట్టయింది. వేదిక పక్కన కోటు వేసుకున్న కుర్రాడొకడు నిలబడతాడు. ముందు స్టాండు మీద లాప్‌టాప్. డ్రమ్స్, కీబోర్డు, బేస్ గిటారు అన్నీ అందులో ముందే రికార్డయి ఉంటాయి. ఆ ట్రాకు నడుస్తుంటే దాని మీద అతను పాత సినిమా పాటలు ఒకదాని వెంట ఒకటి వాయించుకుంటూ పోతాడు. జనం ప్లేట్లు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ వింటారు. ఆ కబుర్లకి పాట అడ్డు రాదు.

అదే పెళ్లిలో రెండు గంటల ముందు వీథిలో వేరే సంగీతం నడుస్తుంది. ఒడియావాళ్లు బరజాత్రి అంటారు, మనం ఊరేగింపు అంటాం. ట్రంపెట్లు, క్లారినెట్, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము. పెళ్లికొడుకు స్నేహితులు రోడ్డు మధ్యలో ఆగి గెంతడం మొదలుపెడితే బ్యాండు కూడా పల్లవి దగ్గరే ఆగి, దాన్నే తిప్పి తిప్పి వాయిస్తుంది. డ్రమ్మువాడు డాన్సు చేసేవాళ్ల కాళ్లు చూసి దెబ్బ మారుస్తాడు. ట్రంపెట్‌వాడు పాటలో లేని చిన్న విరుపు ఒకటి విసిరితే క్లారినెట్‌వాడు దాన్ని అందుకుని ఇంకోలా తిరిగి ఇస్తాడు.

మా అక్కకి మొదటిది ఇష్టం. మా మావయ్యకి రెండోది. అక్క ఇక్కడే ఓ ఆసుపత్రిలో నర్సు. మావయ్య పర్లాకిమిడిలో ముప్పయ్యేళ్లు బ్యాండు పార్టీలో క్లారినెట్ వాయించాడు. ఇప్పుడు ఊరేగింపులకి వెళ్లడం లేదు గానీ క్లారినెట్ పెట్టె గూట్లోనే ఉంటుంది. పండగలకి తీస్తాడు. ముందు రీడును, అంటే ఊదే చోట బిగించే పలచటి బద్దని, నోట్లో పెట్టుకుని తడుపుతాడు, ఆ కాసేపూ ఎవరు పలకరించినా తలే ఊపుతాడు. తర్వాత దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి అంచు చూస్తాడు. వెంట్రుకంత బీట ఉన్నా పక్కన పెట్టేస్తాడు.

మొన్న చలికాలంలో మా బంధువుల పెళ్లి రిసెప్షన్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. "ఇది వింటుంటే ఒళ్లు తేలికపడుతుంది మావయ్యా" అంది అక్క. మావయ్య వేదిక వైపు చాలాసేపు చూసి, "బాగానే వాయిస్తున్నాడమ్మా. కానీ ఎవరితో వాయిస్తున్నాడు? ఆ పెట్టె వీడి మాట వింటుందా?" అన్నాడు.

ఆ రిసెప్షన్ పాటలా మెత్తగా సాగే స్మూత్ జాజ్ మీదా, వీథి బ్యాండులా ఒకరికొకరు జవాబిచ్చుకునే సంప్రదాయ జాజ్ మీదా అమెరికాలో నలభై ఏళ్లుగా నడుస్తున్న తగువు మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. నాకు ఈ రెండు సంగీతాలూ చాలాకాలంగా దగ్గర. ఇష్టాలు ఎందుకు ఇలా విడిపోతాయో, ఇందులో ఏది సంగీతం గురించిన మాట, ఏది కేవలం పేరు గురించిన మాట అన్నది విప్పి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు పేరు సంగతి. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో పెరిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒడియాలో 'మా' అంటే అమ్మ. తెలుగులో 'మా' అంటే మాకు చెందినది. మా వీథిలో పిల్లలు రెండూ ఒకే నోటితో అంటారు, ఎవరూ పొరబడరు, ఎందుకంటే ఎదుటివాడు ఏ భాషలో ఉన్నాడో ముందే తెలుసు. జాజ్ అనే మాటకి ఆ సౌకర్యం లేదు. ఒకే మాటని నలుగురు నాలుగు అర్థాల్లో వాడతారు, ఎవరి అర్థంలో వాళ్లు పోట్లాడతారు.

'సంప్రదాయ జాజ్' అన్నదే ఒక చిక్కు. గట్టి పట్టింపు ఉన్నవాళ్ల లెక్కలో సంప్రదాయం అంటే న్యూ ఆర్లీన్స్ శైలి, అంటే 1920ల నాటి ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్ కలిసి అల్లుకునే పద్ధతి. 1940ల్లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తెచ్చిన బీబాప్ అనే వేగమైన కొత్త శైలి వాళ్ల దృష్టిలో సంప్రదాయానికి ఎదురు తిరగడమే. న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు బీబాప్‌ని బహిరంగంగా తప్పుబట్టాడు. ఈరోజు ఎవరైనా "నాకు స్మూత్ జాజ్ వద్దు, సంప్రదాయ జాజే కావాలి" అంటే మాత్రం ఆ బీబాప్‌నీ, దాని తర్వాత వచ్చిన ట్రంపెట్ మైల్స్ డేవిస్, సాక్సోఫోన్ జాన్ కోల్‌ట్రేన్‌లనీ కూడా కలుపుకునే అంటారు. నిన్నటి తిరుగుబాటు ఇవాళ్టి సంప్రదాయమైంది. ఈ వ్యాసంలో నేనూ ఆ విశాలమైన అర్థంలోనే వాడుతున్నాను.

న్యూ ఆర్లీన్స్ గురించి చదివినప్పుడల్లా నాకు మన ఊళ్లే గుర్తొస్తాయి. అది ఓడరేవు. ఫ్రెంచివాళ్లు, స్పెయిన్‌వాళ్లు ఏలారు, 1803లో అమెరికా కొనుక్కుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, ఫ్రెంచి మాట్లాడే క్రియోల్ కుటుంబాలు, యూరప్ నుంచి వచ్చిన వలసవాళ్లు ఒకే వీథుల్లో బతికారు. అక్కడ బ్రాస్ బ్యాండు లేకుండా పెళ్లీ లేదు, చావూ లేదు. శవాన్ని సాగనంపేటప్పుడు బ్యాండు నెమ్మదిగా, బరువుగా వాయిస్తుంది. ఖననం అయ్యాక తిరిగి వచ్చేటప్పుడు అదే బ్యాండు హుషారు పాట ఎత్తుకుంటుంది, జనం వెనకాల గొడుగులు, రుమాళ్లు ఊపుతూ నడుస్తారు. జాజ్ ఆ నడకలోంచి పుట్టింది. సభలో కూర్చునేవాళ్ల కోసం కట్టిన సంగీతం కాదది, రోడ్డు మీది సంగీతం. 'జాజ్' అన్న మాటతో మొదటి రికార్డు 1917లో వచ్చేటప్పటికే అది వీథుల్లో ముదిరిపోయి ఉంది.

మన వైపు కూడా కొమ్ములు, డోళ్లు, సన్నాయిలు, తర్వాత వచ్చిన ఇత్తడి వాయిద్యాలు అలాగే కలిశాయి. ఒడిశాలో శుభకార్యాలకి సన్నాయిలాంటి మహురితో వాయించే మేళాన్ని 'తెలింగి బాజా' అంటారు. తెలుగువాళ్ల మేళం అని దాని అర్థం. వాయించేవాళ్లు ఒడియావాళ్లయినా పేరు అదే. కలిసి బతికిన ఊళ్లలో సంగీతానికి ఇలాంటి పేర్లే పడతాయి.

మావయ్యకి నేను మొదట వినిపించిన జాజ్ రికార్డు ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్‌లో షికాగోలో చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. వరస ఆయన గురువు కింగ్ ఆలివర్‌ది. మొదట ట్రంపెట్ ఒంటరిగా లేస్తుంది, తోడు ఎవరూ లేరు. పట్టుమని పదిహేను సెకన్లు కూడా ఉండదు ఆ ఎత్తుగడ. నాలుగు గట్టి స్వరాలతో మెట్లెక్కి, పైన ఒక్క క్షణం నిలబడి, జారుడుగా కిందికి దిగుతుంది. అప్పుడు మిగతావాళ్లు వచ్చి కలుస్తారు. మధ్యలో ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ పక్కన పెట్టి, మాటల్లేని గొంతుతో క్లారినెట్‌కి జవాబు చెబుతాడు. చివర్లో ఒక పై స్వరాన్ని పట్టుకుని నాలుగు బార్ల పాటు వదలడు, బారుకి నాలుగు దెబ్బలు. మావయ్య దాన్ని మూడుసార్లు వేయించుకున్నాడు. మూడోసారి అయ్యాక, "క్లారినెట్‌వాడు వాయించిందాన్ని ఆయన మార్చి చెప్పాడు చూశావా, ఒప్పుకోలేదురా" అన్నాడు.

ఆ ఒప్పుకోకపోవడం, ఒప్పుకోవడమే సంప్రదాయ జాజ్‌కి ప్రాణం. దాని కట్టడి మన కచేరీ ఎరిగినవాళ్లకి కొత్త కాదు. ముందు అందరూ కలిసి వరస వాయిస్తారు. కీర్తన ఎత్తుకున్నట్టు. తర్వాత ఒక్కొక్కరూ ఆ చట్రంలోనే సొంతంగా కల్పించి వాయిస్తారు, మన కల్పనస్వరంలాగా. చివర మళ్లీ వరసకి వచ్చి ముగిస్తారు. మధ్యలో డ్రమ్మువాడూ మిగతావాళ్లూ నాలుగేసి బార్లు వంతులేసుకుని వాయిస్తే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం మార్చుకున్నట్టే ఉంటుంది. ఒక పెద్ద తేడా ఉంది. మనకి రాగం ఒక్కటే నేల. జాజ్‌లో నేల కదులుతుంది. ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుత్తిని కార్డు అంటారు, సినిమా కీబోర్డువాళ్లు వాడే మాటే. ఆ కార్డులు ప్రతి బారుకో రెండు బార్లకో మారిపోతుంటాయి. వాయించేవాడు మారే నేల మీద అడుగు తప్పకుండా పరుగెత్తాలి.

రెండో ముఖ్యమైన సంగతి లయ. బ్యాండువాళ్లు 'ఊపు' అనేదాన్నే జాజ్‌లో స్వింగ్ అంటారు. ఒక దెబ్బని రెండు సమానమైన ముక్కలు చేస్తే చతురశ్రం. స్వింగ్‌లో మొదటి ముక్క సాగుతుంది, రెండోది కుదించుకుంటుంది, దాదాపు తిశ్రంలో మొదటి రెండు మాత్రలు కలిపి పట్టి మూడోది విడిగా కొట్టినట్టు. అచ్చమైన తిశ్రం కాదు. పాట వేగం పెరిగేకొద్దీ ఆ ముక్కలు సమానానికి దగ్గరవుతాయి. ఈ కొలత కాగితం మీద రాయడం కుదరదు, పక్కవాడి నడకని బట్టి మారుతుంది. బేస్ వాయించేవాడు ప్రతి దెబ్బకీ ఒక్కో స్వరం వేస్తూ నడుస్తుంటాడు, డ్రమ్మువాడు పళ్లెం మీద చింగ్ చికి చింగ్ చికి అని దాన్ని మోస్తుంటాడు.

స్మూత్ జాజ్ దాదాపు ఎప్పుడూ చతురశ్రమే. దెబ్బ సమానంగా పడుతుంది. రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ స్నేర్ డ్రమ్ము ఒకే బరువుతో మోగుతుంది. ఆ బరువు పాట మొదటి నుంచి చివరి వరకూ మారదు. చాలా రికార్డుల్లో అది మనిషి కొట్టింది కూడా కాదు, డ్రమ్ మెషీన్. దాని మీద కీబోర్డు మెత్తటి పరుపు పరుస్తుంది. ఆ పరుపు మీద సోప్రానో సాక్సోఫోన్‌గానీ గిటారుగానీ పాడుకునే వీలున్న వరస ఒకటి వాయిస్తుంది. మళ్లీ వాయించేటప్పుడు అంచులకి కొంచెం నగిషీ చేస్తుంది. కల్పన ఉంటుంది, కానీ అది వరసని వదిలి దూరం పోదు. నాలుగైదు నిమిషాల్లో పాట మెల్లగా వినపడకుండా పోతుంది.

మావయ్య అడిగిన ప్రశ్నకి జవాబు ఈ తయారీలోనే ఉంది. చాలా స్మూత్ జాజ్ రికార్డుల్లో డ్రమ్స్ ఒకరోజు, కీబోర్డు ఇంకోరోజు, సాక్సోఫోన్ ఆఖర్న విడిగా రికార్డవుతాయి. సాక్సోఫోన్ వాయించేవాడు మిగతావాళ్లని వింటాడు. వాళ్లు మాత్రం అతన్ని వినలేరు, వాళ్ల వాయింపు అప్పటికే అయిపోయింది. మన రిసెప్షన్ కుర్రాడి లాప్‌టాప్ కూడా అంతే.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. స్మూత్ జాజ్ మెత్తగా ఉంటుంది కాబట్టి చౌకది, అసలైన జాజ్ గరుకుగా ఉంటుంది కాబట్టి గొప్పది అంటారు. ఈ మాట నిలబడదు. 1959లో మైల్స్ డేవిస్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' వినండి. జాజ్ అంతటికీ శిఖరం అని పండితులు చెప్పే రికార్డుల్లో అదొకటి, అంత మెత్తటి రికార్డు ఇంకోటి చూపించడం కష్టం. అందులో మొదటి పాట 'సో వాట్' నాకు మరీ ఇష్టం, మన రాగాల చెవికి అది ఇట్టే చిక్కుతుంది కూడా. బేస్ ఒక మాట అడుగుతుంది, పియానో, తర్వాత ట్రంపెట్, సాక్సోఫోన్లు రెండే రెండు స్వరాల గుత్తులతో జవాబు చెబుతాయి. అవునంటే అవునన్నట్టు. ఆ పాట స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. మొదటి పదహారు బార్లు ఖరహరప్రియలో నడుస్తాయి. తర్వాత ఎనిమిది బార్లకి షడ్జాన్ని అర మెట్టు పైకి జరుపుతారు, అదే ఖరహరప్రియ పైనుంచి వినిపిస్తుంది. మళ్లీ ఎనిమిది బార్లు కిందికి. ఎనిమిది బార్లంటే ఆది తాళంలో నాలుగు ఆవర్తనాలు, వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ జరుపు వచ్చే క్షణాన్ని ముందే పసిగట్టగలిగితే పాట సగం పట్టుబడినట్టే. డేవిస్, కోల్‌ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ ఒకరి తర్వాత ఒకరు అదే నేల మీద నడుస్తారు, ముగ్గురి నడకా వేరు. డేవిస్ స్వరాల మధ్య ఖాళీ వదులుతాడు. కోల్‌ట్రేన్ ఖాళీ దొరికితే ఊరుకోడు.

కాబట్టి తేడా మెత్తదనంలో లేదు. ఆ మెత్తదనం లోపల ఎవరైనా ఎవరినైనా వింటున్నారా అన్నదాంట్లో ఉంది.

ఇంకో అపోహ కూడా తీసేయాలి. స్మూత్ జాజ్ ఎక్కడో బయటినుంచి జాజ్ ఇంట్లోకి దూరిన సంగీతం అనుకుంటారు. అది ఆ ఇంట్లోనే పుట్టింది. క్రీడ్ టేలర్ అనే నిర్మాత 1960లో ఇంపల్స్ అనే రికార్డు సంస్థని మొదలుపెట్టి కోల్‌ట్రేన్‌ని దాంట్లోకి తెచ్చాడు. ఆ టేలరే 1967లో వెస్ మాంట్‌గొమరీ గిటారుతో బీటిల్స్ పాటలు వాయించి, వెనక వయొలిన్లు పెట్టి రికార్డు చేయించాడు. స్మూత్ జాజ్ వంశవృక్షం గీసేవాళ్లు చాలామంది వేరు అక్కడే చూపిస్తారు. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ న్యూజెర్సీలోని తన స్టూడియోలో 1964 డిసెంబర్‌లో కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీం' రికార్డు చేశాడు. పదేళ్ల తర్వాత అదే స్టూడియోలో సాక్సోఫోన్ వాద్యకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 'మిస్టర్ మ్యాజిక్' తయారైంది. జార్జ్ బెన్సన్ కుర్రతనంలో గట్టి బీబాప్ గిటారిస్టు, మైల్స్ డేవిస్ రికార్డులోనూ వాయించాడు. 1976లో ఆయన చేసిన 'బ్రీజిన్' అమెరికాలో జాజ్ పట్టికలోనే కాక పాప్ పట్టికలోనూ మొదటి స్థానానికి ఎక్కింది.

డెబ్బైల దాకా ఇది చాలావరకు మనుషులు ఒక గదిలో కూర్చుని వాయించిన సంగీతమే. లయ సోల్, ఫంక్ అనే అమెరికా నల్లవాళ్ల పాప్ సంగీతాల నుంచి వచ్చింది, తోడు కుదుర్చుకోవడం జాజ్ నుంచి వచ్చింది. అసలు మలుపు రేడియోతో వచ్చింది. 1987 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక రాక్ స్టేషన్ మూతపడి, దాని స్థానంలో 'ది వేవ్' అనే స్టేషన్ మొదలైంది. ఆఫీసుల్లో, కార్లలో, రోజంతా పెట్టుకుని ఉండగలిగే సంగీతం దాని సరుకు. ఈ తరహాకి స్మూత్ జాజ్ అనే పేరు కూడా వాద్యకారులు పెట్టుకోలేదు. రేడియో సలహాదారులు కొందరు శ్రోతల్ని కూర్చోబెట్టి అభిప్రాయాలు అడుగుతుంటే వాళ్లలో ఒకరి నోట వచ్చిన మాట అది. తర్వాత ఆ సలహాదారులే పాటల ముక్కలు వినిపించి, నచ్చితే ఇటు, నచ్చకపోతే అటు తిప్పమని శ్రోతల చేతికి డయళ్లు ఇచ్చి, ఆ ఫలితాల్ని బట్టి ఏ పాట వేయాలో స్టేషన్లకి చెప్పేవాళ్లు.

నాకు అసలు బాధ ఇక్కడే. వాయించేవాడి కల్పన పొడుగైతే ఏమవుతుంది? వినేవాడికి కాసేపు దారి తెలియదు, ఆ కాసేపట్లో డయల్ కిందికి దిగుతుంది. దారి తెలియని ఆ కాసేపే జాజ్‌లో బంగారం. పరీక్ష దాన్ని ఏరి పారేస్తుంది, పరీక్ష పెట్టినవాళ్లకి ఆ ఉద్దేశం లేకపోయినా. మిగిలేది జనం కోరుకున్న సంగీతం అని వాళ్లన్నారు. నా లెక్కలో అది జనం కట్టేయకుండా ఉంచిన సంగీతం. కోరుకోవడమూ కట్టేయకపోవడమూ ఒకటి కావు. చివరికి ఆ స్టేషన్లకే అది ఎదురు తిరిగింది. శ్రోతలు విన్నది కాగితం మీద రాసి పంపే పద్ధతి పోయి, చుట్టుపక్కల మోగే స్టేషన్‌ని తానే పట్టి లెక్కకట్టే పరికరం వచ్చాక స్మూత్ జాజ్ స్టేషన్ల అంకెలు పడిపోయాయి. న్యూయార్క్‌లోని పెద్ద స్టేషన్ 2008లో ఆ సంగీతాన్ని వదిలేసింది.

సాక్సోఫోన్ వాయించే కెన్నీ జీ పేరు ఎత్తకుండా ఈ కథ పూర్తి కాదు. 1986 నాటి 'డ్యుయోటోన్స్' ఆల్బంలోని 'సాంగ్‌బర్డ్' ఆయన్ని ప్రపంచం మొత్తానికి చేర్చింది. 1992లో వచ్చిన 'బ్రెత్‌లెస్' ఒక్క అమెరికాలోనే కోటి ఇరవై లక్షల కాపీలు దాటింది. తొంభైల్లో బరంపురం క్యాసెట్ల షాపులో ఇంగ్లీషు వరసలో ఆయన ముఖం తప్పకుండా కనిపించేది. అక్క మొదటిసారి విన్నప్పుడు "ఇది సన్నాయా?" అని అడిగింది. ఆ అడగడంలో తప్పేం లేదు. సోప్రానో సాక్సోఫోన్ తిన్నగా, సన్నాయిలాగే ఉంటుంది, ఎత్తైన గొంతు. అదే వాయిద్యాన్ని న్యూ ఆర్లీన్స్ తరంలో సిడ్నీ బెషే వాయించాడు, 1960లో కోల్‌ట్రేన్ అందుకున్నాడు. మూడు తరాలు, మూడు గొంతులు. బెషే స్వరం వణుకుతూ ఏడుస్తుంది, కోల్‌ట్రేన్‌ది తిరుగుతూ ఎక్కుతుంది, కెన్నీ జీది నునుపుగా ఒదిగి ఉంటుంది. 1997లో ఆయన ఒకే స్వరాన్ని 45 నిమిషాల 47 సెకన్లు ఆపకుండా ఊది రికార్డు పెట్టాడు. బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీసుకునే పద్ధతి అది. మావయ్యకి చెబితే, మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాడు చేసే పనేగా అన్నాడు.

1999లో కెన్నీ జీ, ఆర్మ్‌స్ట్రాంగ్ 1967లో పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' రికార్డు మీద తన సాక్సోఫోన్ కలిపి విడుదల చేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ పోయింది 1971లో. దీనిమీద గిటారిస్టు పాట్ మెథనీ 2000 సంవత్సరంలో చాలా తీవ్రంగా రాశాడు. మెథనీ కోపం కెన్నీ జీ వాయింపు మీద కొంత, చచ్చిపోయిన మహానుభావుడి పక్కన పిలవకుండా వచ్చి కూర్చోవడం మీద ఎక్కువ. మావయ్య మాటే మళ్లీ. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ సాక్సోఫోన్‌ని వినలేడు, జవాబు చెప్పలేడు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా మెథనీ పక్షం. అయితే స్మూత్ జాజ్ స్టేషన్లు మెథనీ పాటల్ని కూడా బోలెడు వేసేవి. గీత అంత సూటిగా ఏమీ లేదు.

ఈ తగువుకి మన దగ్గర ఒక పోలిక ఉంది. ఆకాశవాణి లలిత సంగీతం. బాలమురళీకృష్ణ కచేరీలో గంటసేపు రాగం విస్తరించేవారు, రేడియోకి వచ్చి అయిదు నిమిషాల లలిత గీతం పాడేవారు. ఎవరూ పోట్లాడలేదు. కారణం ఒక్కటే, దాన్ని ఎవరూ 'మృదు కర్ణాటక సంగీతం' అనలేదు. లలిత సంగీతం అన్నారు, దాని పేరు దానికుంది, దాని మర్యాద దానికుంది. స్మూత్ జాజ్‌కి ఆ పెరట్లోదే ఇంకేదైనా పేరు పెట్టి ఉంటే సగం గొడవ పుట్టేది కాదు. జాజ్ వాద్యకారులకి క్లబ్బులు మూతపడి, రేడియోలో చోటు దొరకని రోజుల్లో, జాజ్ పేరు పెట్టుకున్న స్టేషన్ పెట్టి చూస్తే డ్రమ్ మెషీన్ వినిపించింది. వాళ్ల కోపంలో అన్నం సంగతి కూడా ఉంది. అది తీసిపారేయదగ్గది కాదు.

పర్లాకిమిడివాళ్లం కాబట్టి ఇంకో పేరు కూడా చర్చలోకి వస్తుంది. మా బావ స్మూత్ జాజ్ తరఫున ఒకసారి వాదిస్తూ గిడుగు రామమూర్తి గారిని తెచ్చాడు. ఆ ఊళ్లోనే పంతులుగా పనిచేస్తూ ఆయన గ్రాంథికానికి ఎదురుగా వ్యావహారిక భాష కోసం పోరాడారు కదా, పండితులకే అర్థమయ్యే జాజ్ గ్రాంథికం, అందరికీ అర్థమయ్యే జాజ్ వ్యావహారికం అన్నాడు. పోలిక బావుంది. కానీ నాకు తిరగేసి కనిపిస్తుంది. గిడుగు వారు అడిగింది జనం నోట ఆడే భాష. ఆ భాషకి యాస ఉంటుంది, తడబాటు ఉంటుంది, మాట్లాడేవాడి ఊరు తెలుస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌లో న్యూ ఆర్లీన్స్ వినిపిస్తుంది. డయళ్ల పరీక్షలో నెగ్గి వచ్చిన పాటకి ఏ ఊరి యాసా లేదు. జాజే వ్యావహారికంగా పుట్టింది. దాన్ని గ్రాంథికం చేసినవాళ్లు కూడా ఉన్నారు, అది నిజం. 1959 తర్వాత వచ్చినదాన్ని దేన్నీ విననంటూ, వినేవాళ్లకి ముందు పరీక్ష పెట్టే అభిమానులు ఈ సంగీతానికి చాలా చెరుపు చేశారు. పేర్లు, తేదీలు చెప్పలేకపోతే వినే హక్కు లేదన్నట్టు మాట్లాడతారు. అక్కలాంటి వాళ్లు అందుకే ఆ వైపు తొంగి చూడరు.

అక్క రుచిని నేను చిన్నచూపు చూడలేను. నైట్ డ్యూటీలో రాత్రంతా మానిటర్ల బీప్‌లు, పిలుపులు, ఏడుపులు వినీవినీ పొద్దున్న ఏడింటికి ఇంటికొస్తుంది. ప్రతి చప్పుడుకీ తను జవాబు చెప్పాల్సిన ఎనిమిది గంటలవి. ఇంటికొచ్చాక తనని ఏమీ అడగని చప్పుడు కావాలి. ఎక్కడికి పోతుందో ముందే తెలిసిన వరస కావాలి. కోల్‌ట్రేన్ ఆ సమయానికి ఇంకో పేషెంటు పిలుపులాగే ఉంటాడు. అదే మావయ్య చూడండి, రోజంతా ఖాళీ, మాట్లాడే మనిషి దొరికితే చాలనుకునే వయసు. ఆయనకి సంగీతంలో సంభాషణ కావాలి. ఇష్టం చెవిలో ఉంటుందనుకుంటాం, అది రోజు ఎలా గడిచిందన్నదాంట్లో కూడా ఉంటుంది. నాకైతే చెవిలో సాధన, రోజులో అలసట రెండూ కలిసి పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. సాధన పెరిగితే అలసటలో కూడా కొంచెం ఎక్కువ అడిగే సంగీతాన్ని చెవి భరిస్తుంది.

అందుకని పోయిన సంక్రాంతికి ఇంట్లో ఒక ప్రయత్నం చేశాను. అక్కకి 'టేక్ ఫైవ్' పెట్టాను. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో రికార్డు చేసింది, కట్టింది ఆ బృందంలో సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. డెస్మండ్ గొంతు స్మూత్ జాజ్ ఇష్టపడే చెవికి పరాయిగా ఉండదు. తాళం మాత్రం అయిదు. పియానో మొదటి నుంచి చివరి దాకా ఒకే ముక్కని తకిట తక, తకిట తక అని తిప్పుతూనే ఉంటుంది. మన ఖండచాపు తక తకిట అయితే ఇది దాన్ని ముందువెనకలు చేసింది. అక్క చిన్నప్పుడు రెండేళ్లు సంగీతం నేర్చుకుంది. మొదటి నిమిషంలో ఏమీ అనలేదు. తర్వాత మిక్సీలో పిండి తిప్పడం ఆపి, తొడ మీద వేళ్లతో వేయడం మొదలుపెట్టింది. డ్రమ్స్ ఒంటరిగా వాయించే చోటికి వచ్చేసరికి తాళం తప్పింది, మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

మావయ్యకి 'మిస్టర్ మ్యాజిక్' పెట్టాను. స్మూత్ జాజ్‌కి పునాది రాళ్లలో ఒకటి అది, సుమారు తొమ్మిది నిమిషాలు. డ్రమ్స్ మెషీన్ కావు, హార్వీ మేసన్ అనే మనిషి. గిటారు ఎరిక్ గేల్. సాక్సోఫోన్ మాట పూర్తి చేసిన చోట గిటారు చిన్నగా అందుకుంటుంది. మావయ్య కళ్లు మూసుకుని విన్నాడు. పాట సగానికి వచ్చాక చెయ్యెత్తి ఆపమన్నాడు.

"వీళ్లు ఒకే గదిలో ఉన్నారు కదరా?"

అవునన్నాను. అయితే మొదటినుంచి పెట్టు అన్నాడు. ఈసారి గూట్లోంచి పెట్టె దింపి, రీడు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.